డెనిస్ గాబర్ - వెలుగును సంపూర్ణంగా లిఖించిన శాస్త్రజ్ఞుడు

మామిడి టెంకను నాటినవాడే ఆ చెట్టు పండ్లు తినాలనే నియమం లేదు. తాత నాటితే మనుమడు తింటాడు. శాస్త్రరంగంలో కూడా ఇట్టి ఉదాహరణలు అనేకం. అయితే తాను నాటిన మొక్క మొదట ఎండిపోయినట్లు కనిపించి, పదునాలుగేండ్ల తరువాత అనుకోని దిక్కునుండి వచ్చిన వానకు చిగిర్చి, తన ముదిమిలో కొంత ఫలమిచ్చి, తాను కన్నుమూసిన తరువాత మరింత విరగకాయడం అరుదైన విషయం. హంగరీ దేశంలో పుట్టి, జర్మనీలో చదివి, ఇంగ్లండులో స్థిరపడిన డెనిస్ గాబర్ జీవితం అట్టిది. ఆయనకు 1947వ సంవత్సరంలో తోచిన ఒక్క ఊహ ఫలించడానికి మూడు సాధనాలు కావలసివచ్చినవి. మొదటిది క్రమబద్ధమైన కాంతి. రెండవది కాంతిని అంకెలుగా మార్చగల కన్ను. మూడవది ఆ అంకెలను రెప్పపాటులో లెక్కకట్టగల యంత్రం. ఈ మూడింటిలో మొదటిది మాత్రమే ఆయన జీవితకాలంలో పూర్తిగా చేతికి అందినది.

గాబర్ 1900 జూన్ 5వ తేదీన బుడాపెస్టు నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించినాడు. తండ్రి బెర్తలాన్ ఒక గనుల సంస్థకు డైరెక్టరు. విద్యావంతుల ఇల్లు కావడంచేత పుస్తకాలకు కొదవలేదు. పదునైదేండ్లు నిండేసరికి బాలునికి భౌతికశాస్త్రంపై మక్కువ కలిగినది. బడిలో చెప్పేదాకా వేచి ఉండలేక కలనగణితాన్ని తానే నేర్చుకున్నాడు. తమ్ముడు జార్జితో కలిసి ఇంటిలోనే ఒక చిన్న ప్రయోగశాలను ఏర్పరచుకొని, ఆనాటికి కొత్తవైన ఎక్స్ కిరణాలు, రేడియోధార్మికత మొదలైన విషయాలపై ప్రయోగాలు చేసి చూచినాడు. ఆ దినాలలో అతని మనస్సును ఆకట్టుకొన్నవి రెండు. సూక్ష్మదర్శినిలో బింబం ఏర్పడే తీరును గురించి జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆబే చెప్పిన సిద్ధాంతం ఒకటి. కాంతి తరంగాల వ్యతికరణాన్ని ఉపయోగించి రంగుల ఛాయాచిత్రాలు తీసే లిప్‌మన్ పద్ధతి మరొకటి. ఈ రెండు విత్తనాలు ముప్పది సంవత్సరాలు అతని మనస్సులో నిదురించి, ఒక్కసారిగా మొలకెత్తినవి.

మొదటి ప్రపంచయుద్ధం చివరిదశలో యువకుడైన గాబర్ హంగరీ ఫిరంగిదళంలో చేరి ఉత్తర ఇటలీలో పనిచేసినాడు. యుద్ధానంతరం బుడాపెస్టులో ఇంజనీరింగు చదువు ప్రారంభించి, పిమ్మట బెర్లిన్ చేరి, అక్కడి షార్లొటెన్‌బర్గ్ సాంకేతిక విద్యాలయంలో 1924లో పట్టాను, 1927లో డాక్టరేటును పొందినాడు. ఇంజనీరింగు జీవనోపాధికి ఎన్నుకొన్న విద్య. భౌతికశాస్త్రం మనసిచ్చిన విద్య. అందుచేత తీరిక దొరికినప్పుడల్లా ఐన్‌స్టీన్, ప్లాంక్, లావే వంటి మహామహులున్న బెర్లిన్ విశ్వవిద్యాలయానికి పోయి వారి ప్రసంగాలు వినేవాడు.

డాక్టరేటు పరిశోధనలో భాగంగా గాబర్ ఎలక్ట్రాన్ కిరణాలతో పనిచేసే ఆసిలోగ్రాఫ్ యంత్రాన్ని నిర్మించినాడు. ఆ కిరణాలను ఒకచోట చేర్చడానికి ఇనుప తొడుగు వేసిన ఒక తీగచుట్టను తయారుచేసినాడు. నిజానికి అది ఎలక్ట్రాన్లకు కటకం వంటిది. గాజుకటకం వెలుగును కేంద్రీకరించినట్లు అది ఎలక్ట్రాన్లను కేంద్రీకరించగలదు. కాని ఆ సంగతి ఆయనకు అప్పుడు స్ఫురించలేదు. 1926లో బుష్ అనే శాస్త్రజ్ఞుడు అట్టి తీగచుట్ట కటకం వలె ప్రవర్తిస్తుందని సిద్ధాంతరీత్యా నిరూపించినాడు. 1931లో నాల్, రుస్కా అనువారు దాని ఆధారంగా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి రూపమిచ్చినారు. గుమ్మం దాకా వచ్చిన లక్ష్మిని గుర్తుపట్టలేకపోతినే అన్న వెలితి గాబర్‌కు చాలాకాలం మిగిలిపోయినది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిపై ఆయనకు కలిగిన పట్టుదలకు ఇది ఒక కారణం కావచ్చును.

1927లో ఆయన సీమెన్స్ సంస్థలో ఉద్యోగానికి చేరినాడు. అక్కడ అధిక పీడనంతో పనిచేసే పాదరస దీపాన్ని రూపొందించినాడు. అటుపిమ్మట ఆ మాదిరి దీపాలు లక్షలకొలది వీధులలో వెలిగినవి. ఇంతలో 1933లో హిట్లరు అధికారానికి వచ్చినాడు. యూదు సంతతివారికి జర్మనీలో నిలువ నీడ లేకుండా పోయినది. సంస్థతో ఒడంబడిక ముగియగానే గాబర్ స్వదేశానికి మరలి, 1934లో ఇంగ్లండు చేరుకున్నాడు. రగ్బీ పట్టణంలోని బ్రిటిష్ థామ్సన్-హ్యూస్టన్ సంస్థ ఆయనకు ఆశ్రయమిచ్చినది. 1936లో అదే పట్టణానికి చెందిన మార్జరీ బట్లర్‌ను వివాహమాడినాడు. ఆ దాంపత్యం చివరివరకు అన్యోన్యంగా సాగినది.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు ఆ సంస్థలోని శాస్త్రజ్ఞులు రాడార్ వంటి రహస్యకార్యాలలో మునిగిపోయినారు. గాబర్ మాత్రం పరదేశి. రహస్యమైన పనులలో ఆయనకు ప్రవేశం లేదు. తోటివారు దేశరక్షణకోసం ఏమి చేస్తున్నారో తెలియని స్థితిలో ఆయన ఒంటరిగా తన ఆలోచనలు తాను సాగించినాడు. అవమానమని కుంగిపోక ఆ ఏకాంతాన్నే వరంగా మార్చుకున్నాడు. వార్తాప్రసారంలో ఒక సంకేతాన్ని కాలం, పౌనఃపున్యం అనే రెండు కొలతలతో ఒకేమారు ఎట్లు వర్ణించవచ్చునో వివరిస్తూ ఆయన 1946లో ప్రకటించిన వ్యాసం ఈనాటికీ ప్రామాణికమైనది. ఆ సంవత్సరమే ఆయనకు బ్రిటిష్ పౌరసత్వం లభించినది.

ఇక ఆయన కీర్తికి మూలమైన సమస్యను గురించి తెలుసుకోవాలి. సాధారణ సూక్ష్మదర్శినికంటె ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని దాదాపు నూరురెట్లు సన్నని వివరాలను చూపగలిగినది. అయినా అది పరమాణువుల అమరికను చూపే మెట్టుకు ఒక్క అడుగు ఇవతలనే ఆగిపోయినది. ఘనపదార్థంలో పరమాణువుల నడుమ దూరం రెండు మూడు ఆంగ్‌స్ట్రాములు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అనగా సెంటీమీటరులో 10 కోట్లవ వంతు. ఇంత సూక్ష్మాన్ని చూడనీయకుండా అడ్డుతగిలినది ఎలక్ట్రాన్ కటకాలలోని గోళీయ దోషం. కటకం అంచునుండి వచ్చిన కిరణాలు, నడిమినుండి వచ్చిన కిరణాలు ఒకేచోట కలుసుకొనవు. గాజుకటకాలలో ఈ దోషాన్ని మరొక కటకం చేర్చి సవరించవచ్చును. ఎలక్ట్రాన్ల విషయంలో, మామూలు గుండ్రని కటకాలతో అది సాధ్యపడదని షెర్జర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1936లోనే నిరూపించి ఉన్నాడు.

కటకాన్ని బాగుచేయలేనప్పుడు చెడిన బింబాన్నే తీసుకొని, దానిలోని దోషాన్ని తరువాత మరొక విధంగా సవరించరాదా అని గాబర్ ఆలోచించినాడు. కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నిశ్చలంగా ఉన్న చెరువులో రెండు రాళ్ళు వేసినామనుకొందాం. రెండు చోట్లనుండి అలలు బయలుదేరి ఒకదానిని మరొకటి దాటిపోతవి. శృంగంమీద శృంగం పడినచోట నీరు ఎక్కువగా లేస్తుంది. శృంగంమీద ద్రోణి పడినచోట నీరు చలించక నిలుస్తుంది. అల ఎంత ఎత్తున్నది అన్నది ఒక విషయం. ఆ క్షణాన అది లేస్తున్నదా దిగుతున్నదా అన్నది రెండవ విషయం. ఈ రెండవదానికే దశ అని పేరు. ఛాయాచిత్రపు ఫిల్ము కాంతితరంగపు తీవ్రతను మాత్రమే గ్రహిస్తుంది. దశ ఫిల్ముపై పడిన మరుక్షణమే మాయమవుతుంది. వస్తువు ఎంత దూరాన ఉన్నది, ఎంత మందంగా ఉన్నది అనే వృత్తాంతమంతా ఆ దశలోనే దాగి ఉన్నది. కనుక ఛాయాచిత్రం సగం అక్షరాలు చెరిగిపోయిన తాళపత్రం వంటిది.

1947వ సంవత్సరం ఈస్టరు పండుగ దినాలలో గాబర్ రగ్బీలోని టెన్నిసు మైదానంలో తన ఆటవంతు కోసం బల్లపై కూర్చుండి ఎదురుచూస్తున్నాడు. అప్పుడు ఆయనకు పరిష్కారం తట్టినది. వస్తువునుండి వచ్చే తరంగానికి తోడుగా, ఏ మార్పూ లేని మరొక శుద్ధ తరంగాన్ని కూడా ఫిల్ముపైకి పంపాలి. రెండు తరంగాలూ కలిసి చెరువులోని అలలవలె చారలను ఏర్పరుస్తవి. ఆ చారలు ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నవి, ఎటు వంగినవి అన్న దానిలో దశ లిఖితమై నిలిచిపోతుంది. ఫిల్మును కడిగి, దానిగుండా తిరిగి ఆ శుద్ధ తరంగాన్ని ప్రసరింపజేస్తే, వస్తువునుండి బయలుదేరిన తరంగమే మరల ప్రాణం పోసుకొని వెలువడుతుంది. వస్తువు అక్కడ లేకపోయినా దాని బింబం కనబడుతుంది. ఎలక్ట్రాన్లతో చిత్రం తీసి, వెలుగుతో దానిని పునర్నిర్మిస్తూ, కటకదోషాన్ని ఆ రెండవ మెట్టులో గాజుకటకాలతో సవరించవచ్చునన్నది ఆయన సంకల్పం. గ్రీకు భాషలో సంపూర్ణమనే అర్థమిచ్చే మాటనుండి ఈ చిత్రానికి హోలోగ్రామ్ అని పేరు పెట్టినాడు.

ఊహను వెంటనే వెలుగుతోనే పరీక్షించి చూచినాడు. సహాయకుడు ఐవర్ విలియమ్స్ తోడుగా ఉన్నాడు. ఆనాటికి లభించే ఉత్తమమైన కాంతి పాదరస దీపానిది. దాని నుండి ఒక్క రంగును వడపోసి, 3 మైక్రానుల వెడల్పుగల సూదిబెజ్జంగుండా పంపినారు. అంత సన్నని బెజ్జం దాటివచ్చిన మసక వెలుగుతో చిత్రం తీయడానికి కొన్ని నిమిషాలపాటు కదలకుండా ఉంచవలసివచ్చినది. వస్తువు ఒక మిల్లీమీటరు వెడల్పున్న సూక్ష్మచిత్రం. దానిపై కాంతి తరంగస్వభావాన్ని లోకానికి బోధించిన ముగ్గురు మహనీయుల పేర్లను, హైగెన్స్, యంగ్, ఫ్రెనెల్ అని, చెక్కినారు. ఫిల్ముపై ఆ పేర్లు కనిపించలేదు. అర్థంలేని వలయాలు మాత్రమే కనిపించినవి. వెలుగును తిరిగి ప్రసరింపజేయగా ఆ వలయాలనుండి మూడు పేర్లూ మరల బయటపడినవి. శిష్యుడు గురువులకు సమర్పించిన దక్షిణవలె ఉన్నది ఈ ఎంపిక. 1948 మే నెలలో నేచర్ పత్రికలో ఆ ఫలితాలు వెలువడినవి.

కాని తరువాతి ఏడేండ్లు నిరాశ మిగిల్చినవి. మొదటి చిక్కు కవల ప్రతిబింబం. శుద్ధ తరంగం, వస్తుతరంగం ఒకే వరుసలో రావడంవలన పునర్నిర్మాణంలో ఒకదానికి బదులు రెండు బింబాలు ఏర్పడినవి. కావలసినదానిపై అక్కరలేనిది మసకగా ఆవరించినది. ఎలక్ట్రాన్లతో చేయబూనిన ప్రయోగం మరింత కష్టమైనది. 1950 మొదలు ఆల్డర్‌మాస్టన్‌లోని పరిశోధనాలయంలో హైన్, డైసన్, మల్వీ అనువారు దానికై కృషిచేసినారు. యంత్రంలోని అతిస్వల్పమైన అదురు, పరిసరాలలోని అయస్కాంత ప్రభావాలు, నమూనాపై పేరుకొనే మాలిన్యం వారి శ్రమను వమ్ముచేసినవి. ఆశించిన ఫలితం రాలేదు. 1955 నాటికి హోలోగ్రఫీని పట్టించుకొనేవారు దాదాపు లేకపోయినారు. ఇరువదేండ్లు ముందుగా బయలుదేరితిమని గాబర్ తరువాతి కాలంలో గ్రహించినాడు.

ఈ వైఫల్యం ఆయనను కూలదోయలేదు. 1949 జనవరిలో లండనులోని ఇంపీరియల్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ రీడరుగా చేరి, 1956లో రాయల్ సొసైటీ సభ్యత్వాన్ని, 1958లో ఆచార్య పదవిని అందుకున్నాడు. విద్యార్థులతో కలిసి బల్లపరుపు టెలివిజన్ గొట్టాన్ని, కణాల జాడలు చూపే మేఘమందిరాన్ని, మరెన్నో పరికరాలను రూపొందించినాడు. వాటిలో ఒకటి నేటివారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. గడచిన సంకేతాలనుండి రాబోయేదానిని ఊహించడం తానే నేర్చుకొనే ఒక గణనయంత్రాన్ని ఆయన నిర్మింపజేసినాడు. తన హోలోగ్రఫీకి ఏనాటికైనా గణనయంత్రమే ఊతమవుతుందని విధి ముందుగా సూచించినట్లున్నది.

1960లో మైమన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు లేజరును వెలిగించినాడు. సంతలోని జనంవలె తోచినట్లు పోయే మామూలు వెలుగుకు బదులు, కవాతుచేసే దళంవలె అడుగు కలిపి నడిచే వెలుగు ప్రపంచానికి లభించినది. పాదరస దీపంతో గాబర్‌కు దొరికిన క్రమబద్ధత మిల్లీమీటరులో పదవవంతు దూరం వరకే. లేజరుతో ఆ కొరత తీరిపోయినది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో లీత్, ఉపాట్నియక్స్ అనువారు శుద్ధ తరంగాన్ని కొంత పక్కకు వంచి పంపి, కవల బింబాలను ఒకదానినుండి మరొకటి విడదీసినారు. 1964లో వారు చూపిన బొమ్మరైలు హోలోగ్రామ్ చూపరులను చకితులను చేసినది. తల పక్కకు జరిపి చూస్తే ముందున్న వస్తువు వెనుకనున్నదానిని నిజమైన వస్తువువలెనే కప్పివేసినది. రష్యాలో డెనిస్యుక్, గాబర్ బాల్యంలో మెచ్చుకొన్న లిప్‌మన్ పద్ధతినే హోలోగ్రఫీతో ముడివేసి, 1962లో మరొక మార్గాన్ని తెరిచినాడు. 1971లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం డెనిస్ గాబర్ ఒక్కనికే లభించినది. ఊహ తోచినది మొదలు బహుమానం వరకు ఇరువదినాలుగేండ్లు గడచినవి.

పదవీ విరమణ 1967లో జరిగినా ఆయన విశ్రమించలేదు. యంత్రాలు మనిషి శ్రమను తీసివేసిన తరువాత ఆ మనిషి తీరికను ఏమి చేసుకోవాలి, వనరులు తరిగిపోకుండా సమాజం ఎట్లు జీవించాలి అనే ప్రశ్నలు ఆయనను కలచివేసినవి. భవిష్యత్తును ముందుగా చెప్పడం సాధ్యంకాదు, కాని దానిని మనమే నిర్మించుకోవచ్చునన్న భావాన్ని 1963లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించినాడు. 1974లో పక్షవాతం వచ్చి చదవడం, వ్రాయడం ఆయనకు దూరమైనవి. అక్షరమే ఊపిరిగా బ్రతికినవానికి అంతకుమించిన శిక్ష లేదు. అయినా న్యూయార్కులో 1976లో హోలోగ్రఫీకై ప్రత్యేకంగా వెలసిన ప్రదర్శనశాలను దర్శించి తన మానసపుత్రిక ఎదుగుదలను కన్నులార చూచుకున్నాడు. 1979 ఫిబ్రవరి 9వ తేదీన లండనులో తుదిశ్వాస విడిచినాడు.

గాబర్ కథ ఇక్కడితో ముగిసినా ఆయన ఊహ కథ ముగియలేదు. ఫిల్మును వదలివేసి, చారలను కెమెరాతో పట్టి అంకెలుగా మార్చి, వెలుగును తిరిగి ప్రసరింపజేసే పనిని గణితంతోనే నెరవేర్చరాదా అన్న ఆలోచన ఆయన బ్రతికి ఉండగానే పుట్టినది. 1967లో అమెరికాలో గుడ్‌మన్, లారెన్స్ అనువారు 256 వరుసలు, 256 నిలువులు గల బిందువులుగా ఒక హోలోగ్రామును గ్రహించి, ఆనాటి పీడీపీ-6 కంప్యూటరుతో బింబాన్ని లెక్కకట్టినారు. దానికి సుమారు 5 నిమిషాలు పట్టినది. ఫిల్ము కడిగే సమయంతో పోలిస్తే అది తక్కువే. 1994లో జర్మనీలో ష్నార్స్, యూప్ట్‌నర్ అనువారు సీసీడీ కెమెరాతో హోలోగ్రామును సూటిగా గ్రహించి కంప్యూటరులో పునర్నిర్మించినారు. 1999లో స్విట్జర్లాండులో కూష్, మార్కే, డిపర్సింజ్ అనువారు సూక్ష్మదర్శినికి దీనిని జోడించి, తరంగపు తీవ్రతను, దశను రెండింటినీ ఒక్క చిత్రంనుండే కొలిచినారు. గాబర్ సూక్ష్మదర్శిని కోసమే కన్న కల చుట్టుతిరిగి మరల సూక్ష్మదర్శిని దగ్గరకే చేరినది.

దీని ప్రయోజనం జీవశాస్త్ర విద్యార్థులకు సులభంగా బోధపడుతుంది. బ్రతికి ఉన్న కణం దాదాపు పారదర్శకమైనది. సూక్ష్మదర్శినిలో అది కనబడవలెనంటే సాధారణంగా రంగు పట్టించవలె. అనేక రంగులు కణాన్ని చంపుతవి. అయితే కణంగుండా పోయిన వెలుగు కొంత వెనుకబడుతుంది. ఆ వెనుకబాటే దశలోని మార్పు. హోలోగ్రామ్ దానిని కొలవగలదు. కనుక రంగు లేకుండా, తాకకుండా, ఎర్ర రక్తకణపు మందం చోటుచోటున ఎట్లు మారుతున్నదో తెలుసుకోవచ్చును. మరొక సౌలభ్యం ఏమనగా, మామూలు సూక్ష్మదర్శినిలో ముందుగా మరను తిప్పి బింబాన్ని స్పష్టం చేసుకోవాలి. హోలోగ్రామును తీసిన తరువాత ఏ లోతునైనా లెక్కద్వారా స్పష్టం చేసుకోవచ్చును. నీటిబొట్టులో పైకి క్రిందికి ఈదే సూక్ష్మజీవులను ఒక్క చిత్రంతోనే మూడు కొలతలలో వెదకి పట్టవచ్చును.

కాని ఈ సౌలభ్యానికి మూల్యం గణన. హోలోగ్రాములోని ప్రతి బిందువునుండి బయలుదేరే తరంగం బింబంలోని ప్రతి బిందువుకూ చేరుతుంది. 512 వరుసలు, 512 నిలువులు ఉన్న చిత్రంలో బిందువులు 2,62,144. ప్రతిదానికి ప్రతిదానినుండి వచ్చే భాగాన్ని కలిపితే సుమారు 6,872 కోట్ల లెక్కలు తేలుతవి. ఇది ఒక్క చిత్రానికి, ఒక్క లోతుకు మాత్రమే. అదృష్టవశాత్తు 1965లో కూలీ, టూకీ అనువారు ప్రకటించిన శీఘ్ర ఫురియే పద్ధతి ఈ భారాన్ని అమితంగా తగ్గించినది. ఈ ఉపాయాన్ని గౌస్ 1805 ప్రాంతంలోనే కనుగొని తన కాగితాలలో వ్రాసి ఉంచుకొన్నట్లు తరువాత తెలియవచ్చినది. దాని ప్రకారం లెక్కల సంఖ్య దాదాపు 47 లక్షలకు దిగుతుంది. అనగా పదునాలుగువేల రెట్లకు పైగా తగ్గుదల. అయినను ఒక్క పునర్నిర్మాణానికి ఈ లెక్క ఒకటికంటె ఎక్కువసార్లు చేయవలసి వస్తుంది. కదిలే జీవకణాన్ని కదులుతుండగానే చూడాలంటే సెకనుకు ఇరువదికి పైగా చిత్రాలు కావాలి. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసర్ ఆ వేగాన్ని అందుకోలేకపోయినది.

ఈ చిక్కును విప్పిన సాధనం ఆటబొమ్మల లోకంనుండి వచ్చినది. కంప్యూటరు ఆటలలోని దృశ్యాలను తెరపై చకచక గీయడానికి గ్రాఫిక్స్ ప్రాసెసర్లు పుట్టినవి. తెరపైని ప్రతి చుక్కకు రంగును నిర్ణయించే లెక్క ఒకేవిధమైనది. ఒక చుక్క లెక్క మరొక చుక్కకోసం ఆగనక్కరలేదు. అందుచేత ఒక్క గొప్ప గణకునికి బదులు, చిన్నలెక్కలు చేసే వందల గణకులను వరుసగా కూర్చుండబెట్టినారు. ఎకరం మడిలో నాట్లు వేయవలసి వచ్చినప్పుడు ఒక్క బలశాలికంటె వరుసకట్టి వంగిన నలుబదిమంది కూలీలు ముందుగా ముగిస్తారు. ప్రతివారి పనీ ఒకటే. ఎవరి వరుస వారిదే. హోలోగ్రామ్ లెక్క సరిగా ఇటువంటి మడి. 2007లో ఎన్‌విడియా సంస్థ కూడా అనే సాధనాన్ని అందుబాటులోకి తెచ్చిన తరువాత, ఆ గణకుల దండుచేత బొమ్మలే కాక శాస్త్రగణన కూడా చేయించడం సులభమైనది.

2008లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోబాబా, అతని సహచరులు గ్రాఫిక్స్ ప్రాసెసర్‌తో 512 వరుసలు, 512 నిలువుల హోలోగ్రాములను సెకనుకు 24 చొప్పున పునర్నిర్మించి చూపినారు. ఒక్కొక్క చిత్రానికి పట్టిన కాలం సెకనులో ఇరువదినాలుగవ వంతు. 1967లో 5 నిమిషాలకు లభించినది 65,536 బిందువుల బింబం. 2008లో ఒక్క సెకనుకు లభించినవి 62 లక్షలకు పైగా బిందువులు. బిందువుల లెక్కన చూస్తే నలుబదియొక్క సంవత్సరాలలో వేగం సుమారు 28,800 రెట్లు పెరిగినది. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాడు కణాన్ని కదిలిస్తూ, దాని దశను అప్పటికప్పుడే తెరపై చూచే భాగ్యం కలిగినది.

అయితే ఈ వేగం ఉచితంగా రాలేదు. కూలీలు ఎందరున్నా నారుకట్టలు గట్టునుండి మడిలోకి చేరేదాకా వారు చేతులు కట్టుకొని నిలువవలసినదే. అట్లే కెమెరా పట్టిన అంకెలు కంప్యూటరు జ్ఞాపకంనుండి గ్రాఫిక్స్ ప్రాసెసర్ జ్ఞాపకానికి చేరే ప్రయాణం కొంత కాలాన్ని హరిస్తుంది. కనుక అంకెలను ఒకసారి లోనికి తీసుకొనిపోయి, పనులన్నీ అక్కడనే ముగించి, ఫలితాన్ని మాత్రమే బయటకు తెచ్చే ఏర్పాటు చేస్తారు. ఒక చిత్రం లెక్క సాగుతుండగానే తరువాతి చిత్రాన్ని రప్పిస్తారు. పనిలోని నేర్పు లెక్కలోనే కాదు, మోతలో కూడా ఉన్నది.

ఈ వేగంవలన మరొక న్యాయం జరిగినది. గాబర్ తొలి అమరికలో శుద్ధ తరంగం, వస్తుతరంగం ఒకే వరుసలో వచ్చేవి. కవల ప్రతిబింబమనే దోషంచేత దానిని లోకం పక్కకు నెట్టినది. నిజానికి ఆ అమరికకు కటకమే అవసరం లేదు. పరికరం చిన్నది, చౌకది. నేటి గణకులు వస్తువును గురించి తెలిసిన కొన్ని నియమాలను పెట్టి, బింబంనుండి హోలోగ్రాముకు, హోలోగ్రామునుండి బింబానికి లెక్కను పదులకొలది, కొన్నిసార్లు వందలకొలది పర్యాయాలు త్రిప్పి, అక్కరలేని కవలను క్రమంగా తుడిచివేస్తారు. ఇన్ని ఆవృత్తులు ఓపికగా, వేగంగా చేయడానికి గ్రాఫిక్స్ ప్రాసెసర్ తోడ్పడుతున్నది. 1948లో గాబర్‌ను వేధించిన కవల, లెక్కల ధాటికి తలవంచినది.

ఇక ఆయన మొదటి సంకల్పం ఏమైనదని పాఠకులు అడుగవచ్చును. పరమాణువులను చూడడానికే కదా ఆయన హోలోగ్రఫీని కల్పించినది! జపానులో తొనొమురా 1970 దశకంలో ఎలక్ట్రాన్ హోలోగ్రఫీని అక్కరకు వచ్చే విద్యగా తీర్చిదిద్ది, దానితో అయస్కాంత క్షేత్రాల రూపాన్ని కంటికి చూపినాడు. కటకదోషాన్ని మాత్రం మరొకరు మరొక దారిలో జయించినారు. 1998లో జర్మనీలో హైడర్, రోజ్, ఉర్బన్ మొదలైనవారు గుండ్రనివి కాని కటకాలను జోడించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోని గోళీయ దోషాన్ని సవరించగలిగినారు. గాబర్ బాణం వేసినది ఒక పండుకు. అది మరొక కొమ్మను తాకి వేరొక పండును రాల్చినది. ఆ పండు తీపి తక్కువది కాదు.

ఉపాధ్యాయులు తరగతిలో విద్యార్థులకు చెప్పదగిన జీవితం ఇది. దేశంనుండి దేశానికి తరలిపోవలసివచ్చినా, తోటివారి రహస్యాలకు దూరంగా ఉంచబడినా, తన ఉత్తమమైన ఊహ పదునాలుగేండ్లు పూతలేక నిలిచినా గాబర్ పని మానలేదు. ఆయన ఊహలో తప్పు లేదు. దానికి తగిన పనిముట్లు ఇంకా పుట్టలేదు, అంతే. అట్టి పనిముట్లలో ఒకటి చివరకు పిల్లల ఆటలకోసం చేసిన యంత్రంనుండి రావడం గమనింపదగినది. ఏ విద్య ఏ విద్యకు ఎప్పుడు ఊతమవుతుందో ముందుగా చెప్పగలవారు లేరు. పదునైదేండ్ల ప్రాయంలో ఇంటి ప్రయోగశాలలో ఒక బాలుడు మెచ్చుకొన్న రెండు పాఠాలు ముప్పదేండ్ల తరువాత హోలోగ్రామ్ అయినవి. ఆ హోలోగ్రామ్ మరి అరువదేండ్లకు, ప్రాణంతో కదలాడే కణాన్ని దానికి హాని కలుగకుండా చూపే కన్ను అయినది.